"కలంకారీ చీర పాల వాసన" అని వెతికేవాళ్ళకు ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మన చేతిపనుల మీద, ఆటపాటల మీద తెలుగులో వ్యాసాలు రాద్దామని కూర్చున్నారు. జనం ఏం వెతుకుతున్నారో చూద్దామని ఫోన్‌లో కొడితే "కలంకారీ చీర పాల వాసన", "ఏటికొప్పాక బొమ్మ బాబు నోట్లో పెట్టుకున్నాడు", "తోలుబొమ్మ ఏ జంతువు తోలు", "సత్యభామ వేషం వేసింది ఆడా మగా" లాంటివి కనిపించాయి. వీటిని పక్కనపెట్టి చరిత్ర, విశిష్టత అంటూ పద్ధతిగా రాసుకుంటూ పోవాలా, లేక వీటికి జవాబులు చెప్పాలా అని అడిగారు.

జవాబులు చెప్పండి. అసలు వాటితోనే మొదలుపెట్టండి. నేను చాలా ఏళ్ళు హస్తకళల దుకాణంలో, ప్రదర్శనల్లో స్టాల్ దగ్గర నిలబడి ఇవే ప్రశ్నలు నోటితో అడగగా విన్నాను. "కలంకారీ చరిత్ర" అని వెతికేది ఎక్కువగా రేపు పరీక్ష ఉన్న పిల్లాడు. నాలుగు లైన్లు రాసుకుని వెళ్ళిపోతాడు. "పాల వాసన" అని కొట్టిన మనిషి ఒళ్ళో చీర ఉంది. డబ్బు పెట్టి కొన్నారు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు, మోసపోయామేమోనని కంగారు పడుతున్నారు. ఆ కళ గురించి ఏం చెప్పినా వినడానికి ఆ క్షణంలో సిద్ధంగా ఉన్నది ఆ మనిషే. పైగా ఆ వాసన దగ్గర మొదలుపెడితే పని మొత్తం దానంతటదే బయటికి వస్తుంది. చూడండి ఎలాగో.

ఆ చీరకు పాల వాసన రావడం సహజం, ఎందుకంటే దాన్ని నిజంగానే పాలలో ముంచారు. శ్రీకాళహస్తిలో గాడా బట్టను, అంటే తెల్లబరచని ముతక నూలు బట్టను, ముందు ఉతికి గంజి వదిలిస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలో ఉండే వగరే ఈ పనికి ప్రాణం. పాలలోని వెన్న, మాంసకృత్తులు నూలు పోగుల మధ్య చేరి, మీద గీసిన రంగు పక్కకు పాకకుండా ఆపుతాయి. ఉత్త బట్ట మీద కలం పెడితే సిరా బ్లాటింగ్ కాగితం మీద పడ్డట్టు పాకిపోతుంది. పాలు తాగిన బట్ట మీద గీత ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. రాముడి కనుబొమ అంత సన్నగా రావడానికి కారణం ఇదే. కొన్ని రంగులు వేసే ముందు బట్టను మళ్ళీ పాలలో ముంచుతారు కూడా. కాబట్టి కొత్త బట్టకు కొంచెం పులిసిన వాసన ఉంటుంది. నీడలో గాలికి ఆరేసి, కుంకుడు రసంతో ఒకటి రెండుసార్లు జాడిస్తే తగ్గిపోతుంది. వాసన లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు, బాగా ఉతికి అమ్మేవాళ్ళూ ఉంటారు.

ఇదే మనిషి రెండో ప్రశ్న కూడా వెతుకుతారు: "కలంకారీ నలుపు తుప్పు వాసన." అదీ సరైన అనుమానమే. ఆ నలుపు తుప్పు నుంచే వస్తుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో కొన్ని వారాలు ఊరబెడతారు. బెల్లం పులిసి పుల్లబడుతుంది, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్ళు కుండలో ఉన్నప్పుడు అంత నల్లగా కనిపించవు. కరక్కాయ పట్టిన బట్ట మీద కలం ఆనగానే గీత నల్లబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు రెప్ప వేయరు. ఇనుము, కరక్కాయ వగరు కలిసి పోగులోనే నలుపై కూర్చుంటాయి కాబట్టి ఉతికితే పోదు.

కలం అంటే వెదురు పుల్ల. ఒక కొసను చెక్కి, కొస దగ్గర కాస్త పైన గుడ్డపీలికో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది. గీసేవాడు వేళ్ళతో దాన్ని నొక్కుతూ ఎంత కావాలంటే అంత రంగు కిందికి దించుతాడు. ముంచిన వెంటనే గీత కొంచెం లావుగా మొదలవుతుంది, పోను పోను సన్నబడుతుంది, మళ్ళీ ముంచగానే లావెక్కుతుంది. "అసలు కలంకారీ ఎలా గుర్తుపట్టాలి" అని వెతికేవాళ్ళకు నేను చెప్పే మొదటి గుర్తు ఇదే. ఒకే బొమ్మ చీరలో నాలుగు చోట్ల ఉంటే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంటి రెప్పల దగ్గర, వేళ్ళ కొసల దగ్గర తేడా ఉంటే చేత్తో గీసింది. తేడా ఏమీ లేకుండా అచ్చు గుద్దినట్టుంటే అచ్చే. ఆ అచ్చు మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క దిమ్మలతో అద్దే అచ్చయితే అదీ మంచి పనే. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర పిసరంత ఎడం, ఎక్కడో ఒక చోట రంగు ఎక్కువ తక్కువ కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్‌లో అది కూడా కనిపించదు. చవగ్గా దొరికే "కలంకారీ" చీరల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకమే. దాన్ని దాని పేరుతో అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. కాళహస్తి పేరు పెట్టి అమ్మడం మాత్రం అక్కడ వంగి గీసేవాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

"కలంకారీ మీద నిమ్మకాయ పడి తెల్ల మచ్చ" అనేది ఇంకొకటి. నలుపు ఇనుముతో వచ్చిందని పైన చెప్పి ఉంటే దీనికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది: నిమ్మ పులుపు ఆ ఇనుమును మళ్ళీ కరిగిస్తుంది. వెంటనే మంచినీళ్ళతో జాడించాలి, మరక పోవాలని ఇంకా నిమ్మరసం రుద్దకూడదు. తాతలనాటి కలంకారీల్లో బట్ట ముందుగా నల్ల గీతల వెంబడే చిరుగుతుంది, అదీ ఇనుము చేసే పనే. పాత గుడ్డ ఇంట్లో ఉన్నవాళ్ళు దాన్ని మడతపెట్టి బీరువాలో తొక్కకుండా, పలచటి నూలు గుడ్డతో కలిపి గొట్టానికి చుట్టి ఉంచుకోవడం మంచిది.

"కలంకారీ పేడ" అని వెతికినవాళ్ళను చూసి మీరు ముఖం చిట్లించినట్టున్నారు. వద్దు. ఎరుపు ఎలా వస్తుందో చెప్పాలంటే పేడ దాకా వెళ్ళాల్సిందే. ఎరుపు రావలసిన చోటల్లా ముందు పటిక నీళ్ళు పూస్తారు. తర్వాత పారే నీటిలో జాడిస్తారు. నిలవ నీటిలో జాడిస్తే వదిలిన పటిక వెళ్ళి తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది, రేపు అక్కడా ఎర్ర మచ్చ తేలుతుంది. కాళహస్తి పనికి స్వర్ణముఖి నది, పెడన పనికి కాలవ నీళ్ళు అంత ముఖ్యం కావడం అందుకే. ఆపైన చిరివేరు, మంజిష్ఠ లాంటి వేళ్ళతో, చెక్కలతో రాగి పాత్రలో మరగబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. మిగతా చోట్ల లేతగా అంటుకున్న రంగును వదిలించడానికి బట్టను పేడ నీళ్ళలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, ఎండలో నీళ్ళు చల్లుతూ తెల్లబరుస్తారు. బ్లీచింగ్ పౌడర్ చేసే పని ఇక్కడ పేడ, ఎండ, నీళ్ళు కలిసి చేస్తాయి, పోగు కాలకుండా. ఏటిలో నీళ్ళు లేని నెలల్లో ఈ పని ఎంత ఇబ్బందో మీ వ్యాసంలో తప్పకుండా రాయండి.

"కలంకారీ హిందువులదా ముస్లింలదా" అన్న ప్రశ్న కూడా మీ జాబితాలో ఉంది. కోపంతో అడిగేవాళ్ళుంటారు, నిజంగా తెలియక అడిగేవాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ ఒకే జవాబు. కాళహస్తిలో గుడి కోసం, పురాణం చెప్పడం కోసం గీశారు. రామాయణం గళ్ళు గళ్ళుగా ఉంటుంది, బొమ్మల కింద కథ తెలుగులో రాసి ఉంటుంది. మచిలీపట్నం పక్క కుతుబ్ షాహీల కాలంలో పర్షియాకు, ఆ తర్వాత ఐరోపాకు బట్ట ఎగుమతి అయింది. అందుకే అక్కడ తీగలు, పూలు, చెట్టు బొమ్మలు. రెండు చోట్లా అదే కరక్కాయ, అదే పటిక, అదే ఇనుప నలుపు. ఈ తీరం బట్ట ఎంత అమ్ముడుపోయిందంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో రంగుల అద్దకం బట్టల మీద నిషేధం పెట్టింది, ఇంగ్లండు 1721లో అద్దకం నూలు బట్ట కట్టడాన్నే చట్టంతో ఆపింది. ఆ తర్వాత కాళహస్తి పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చి, 1957లో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం మొదలయ్యాక మళ్ళీ నిలబడింది. ఆ తరం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. చూశారా, "చరిత్ర" కూడా చెప్పేశాం. వాసన గురించి అడిగిన మనిషి ఇక్కడిదాకా చదివారు.

కలంకారీ దగ్గర ఎక్కువసేపు ఆగాను, మిగతావి త్వరగా చెబుతాను.

ఏటికొప్పాక బొమ్మ ప్రశ్న తల్లిది. అక్కడ ముందు జవాబు, తర్వాతే వర్ణన. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో నునుపు చేస్తే మెరుపు వస్తుంది. జాఫరా గింజల లాంటి వాటితో చేసిన చెట్టు రంగులయితే చంటిబిడ్డ చీకినా భయపడాల్సింది తక్కువ. ఆ చెట్టు రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కానీ అంగట్లో దొరికే ప్రతి లక్క బొమ్మా ఆ రంగుదే అనుకోవద్దు. కొనేటప్పుడే అడగాలి, బిడ్డ గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలున్న బొమ్మ ఏ రంగుదైనా ఇవ్వకూడదు. ఇక "శానిటైజర్‌తో తుడిస్తే బొమ్మ రంగు వచ్చేసింది" అన్న వెతుకులాట ఉంది చూడండి, అది 2020 తర్వాత మా దగ్గరికీ చాలా వచ్చింది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. శానిటైజర్ వద్దు, మరిగే నీళ్ళూ వద్దు. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఇది రాసిపెడితే ఎన్ని బొమ్మలు బతుకుతాయో.

కొండపల్లి బొమ్మ గురించి జనం వెతికేది దాదాపు రెండే మాటలు: "ఇంత తేలిక ఎందుకు", "తడిస్తే ఏమవుతుంది". తేలికగా ఉందని నకిలీ అనుకునేవాళ్ళు చాలామంది. ఆ తేలికే దాని గుర్తు. తెల్ల పొణికి అనే కర్ర అంతే, ఎండబెట్టాక చేతిలో బరువే తెలియదు. ఏనుగు అంబారీ అయినా, తాటిచెట్టెక్కే గీత కార్మికుడైనా ఒకే దుంగలో చెక్కింది కాదు. చేతులు, కాళ్ళు, తొండం విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకుల మీద అదే మక్కు మెత్తి నునుపు చేస్తారు. అందుకే నీళ్ళు పడితే ముందు అతుకులు వదులవుతాయి. సంక్రాంతి బొమ్మల కొలువు అయ్యాక కడిగి దాచుకుందామని చూడకండి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి పొడిగా ఉన్న చోట పెట్టండి. ఇది రంగు పూసిన బొమ్మ, ఏటికొప్పాకది లక్క పట్టిన బొమ్మ. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కొండపల్లిది ఇవ్వకపోవడమే మేలు.

తోలుబొమ్మ ఏ తోలు అంటే మేక తోలు. దీన్ని తిప్పి తిప్పి "సహజసిద్ధమైన పదార్థం" అని రాసేవాళ్ళను చూశాను, అది చదివేవారిని మోసం చేయడమే. అడిగేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాంసం ముట్టనివారు, దేవుడి బొమ్మను పూజగదిలో పెట్టొచ్చా లేదా అని సతమతమవుతున్నవారు. వాళ్ళకు నిజం తెలియాలి, నిర్ణయం వాళ్ళు తీసుకుంటారు. పాత రోజుల్లో దేవతల బొమ్మలకు జింక తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ మాటే లేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలును వెలుగు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, నగలు, అంచులు వచ్చే చోట చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ రంధ్రాలే నగల మెరుపు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రామరావణ యుద్ధం మధ్యలో బంగారక్క, కేతిగాడు అనే హాస్యపు బొమ్మలు వచ్చి చేసే గోలకు పల్లెంతా తెల్లవార్లూ మేలుకొని కూర్చునేది. ఇప్పుడు ఆట పిలిచేవాళ్ళు తగ్గి, అదే చేతులు దీపాల గొడుగులు చేసి బతుకుతున్నాయి. "తోలు లాంప్ ముడుచుకుపోయింది" అని వెతికేవాళ్ళకు చెప్పండి: వేడెక్కే పాత బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టుకోవాలి, వానాకాలంలో తేమ గోడకు ఆనించకూడదు.

చేర్యాల పటం గురించి నాకు బాగా నచ్చిన వెతుకులాట "పాత పటం ఇంట్లో ఉండొచ్చా". ఎవరింట్లోనో పెద్దవాళ్ళు ఏదో అన్నారు, ఆ మాట సగం గుర్తుండి అడుగుతున్నారు. ఆ మాట వెనక నిజం ఉంది. చేర్యాలలో ఈ బొమ్మలు గీసే నకాషీ కుటుంబాలవారు గుడ్డ మీద గీసిన పొడవాటి పటాలు గోడకు తగిలించడానికి పుట్టలేదు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకు కుల పురాణం చెప్పేటప్పుడు గడి తర్వాత గడి విప్పుతూ పాడడానికి పుట్టాయి. కథకుడికి అది గుడితో సమానం. వాడి వాడి చిరిగాక కొత్త పటం గీయించుకుని, పాతదానికి చేయాల్సిన క్రతువు చేసి నీళ్ళలో కలిపేవారు. బాగా పాత పటాలు అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం. చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక పట్టించిన ఖద్దరు గుడ్డ మీద బొమ్మల వెనక ఎర్ర రంగు వేసి గీస్తారు కాబట్టి మడిస్తే పూత పగులుతుంది, చుట్టే ఉంచాలి. ఇప్పుడు గోడ కోసం గీసి అమ్మే చిన్న పటానికి ఆ నియమాలేవీ లేవు, హాయిగా పెట్టుకోవచ్చు. కథకుడి కుటుంబం నుంచి వచ్చిన అసలు పటం ఎవరి దగ్గరైనా ఉంటే అమ్మేయమని మాత్రం మీ రాతలో సలహా ఇవ్వకండి. దాన్ని విప్పి పాడగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, ముందు వాళ్ళకు చూపించమనండి.

"సత్యభామ వేషం వేసింది ఆడా మగా" అనేది పాత వీడియో చూసి అడిగే ప్రశ్న. అమెరికాలో పిల్లల్ని కూచిపూడి క్లాసులకు పంపే తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతుంటారు. ఆ వీడియోలో ఉన్నది చాలాసార్లు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, 1935లో పుట్టి 2012లో పోయారు, 1970లోనే పద్మశ్రీ. కూచిపూడి భాగవతుల మేళంలో వేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. ఆయన తెర పక్కనుంచి ఒక కన్ను మాత్రమే చూపించినా కూర్చున్నవాళ్ళకు సత్యభామ అలక తెలిసిపోయేది. దీని పక్కనే "భామాకలాపం జడ కోస్తారా" అని ఒకటి కనిపిస్తుంది. భామాకలాపం అంటే సత్యభామ కథతో ఆడే కూచిపూడి నృత్యనాటకం. సత్యభామ వచ్చేటప్పుడు తెర మీదుగా జడ ఇవతలికి వేస్తుంది. నన్ను మించి ఆడి మెప్పించగలవాళ్ళుంటే ముందుకు రండి, నేను ఓడితే ఈ జడ కోసేయండి అని సభకు విసిరే సవాలు అది. ఈ సంగతి తెలిశాక ఆ పాత వీడియో మళ్ళీ చూడమనండి, జడ తెర మీద పడగానే అదే మనిషి నిటారుగా కూర్చుంటారు.

ఇక రాసే పద్ధతి గురించి రెండు ముక్కలు. జవాబు మొదటి లైన్లోనే ఇవ్వండి. వేడిగా అడిగినవాళ్ళను మూడు పేరాల పరిచయం దాటించకండి. పిల్లల ఆరోగ్యం, రంగులు, తోలు లాంటి విషయాల్లో చేసేవాళ్ళను అడిగాకే రాయండి, వాళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు వేయండి, చదివినవాళ్ళు నేరుగా వాళ్ళ దగ్గరే కొంటారు. "ఈ బొమ్మ ఇంట్లో ఉంటే కలిసొస్తుందా" లాంటి వాటికి మాత్రం జవాబు కల్పించకండి, ఆ బొమ్మ చేసిన చేతుల గురించి చెప్పి వదిలేయండి.

జనం చాలామంది ఇప్పుడు టైపు చేయడం మానేసి ఫోన్‌తో మాట్లాడి వెతుకుతున్నారు. చేర్యాల అని పలికితే చీరాల చీరలు చూపించడం నేను చాలాసార్లు చూశాను. నకాషీ, నక్కాషీ, నకాశి అని తలా ఒక రకంగా అంటారు. మీ వ్యాసంలో ఈ రూపాలన్నీ ఎక్కడో ఒక చోట సహజంగా వచ్చేలా రాయండి. ఊరి పేరు పక్కన జిల్లా పేరు కూడా వేయండి: చేర్యాల, సిద్దిపేట జిల్లా. పెడన, కృష్ణా జిల్లా. నిమ్మలకుంట, శ్రీ సత్యసాయి జిల్లా. ఏటికొప్పాక, అనకాపల్లి జిల్లా.